వెనక్కి తీసుకున్న పిలుపులు

ఒకప్పుడు సముద్రం మీదికి వెళ్ళిన ఫోను హాయిగా నిద్రపోయేది. తీరం దాటి కాస్త దూరం పోతే సిగ్నల్ ఉండదు కాబట్టి దాన్ని పలకరించేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. తరవాత ఉపగ్రహాలు ఎక్కువయ్యాయి. నడిసముద్రంలోనూ ఫోను మోగడం మొదలెట్టింది. మొగలిరేవు జాలర్లు మొదట్లో సంబరపడ్డారు గానీ ఆర్నెల్లు తిరక్కుండానే తలలు పట్టుకున్నారు. ఒడ్డున రెండు రోజులు వచ్చే బ్యాటరీ నీళ్ళ మీద ఒక్క పూటలో అయిపోతోంది. వలేసి వెనక్కి రావడానికి దారి చూద్దామంటే తెర వెలగదు.

అలా చచ్చిపోయిన ఫోన్లు నాలుగు, విశాఖపట్నంలో పెదవాల్తేరు ఎత్తు మీద ఉన్న ఒక చిన్న ప్రయోగశాలకి వచ్చాయి. వాటిని ఇందుమతి బల్ల మీద పెట్టారు. ఇందుమతి నలభై రెండేళ్ళ మనిషి. అడిగినదానికి సమాధానం చెబుతుంది, అడగనిదానికి చెప్పదు. ఆమె ఒక ఫోన్ని బాగుచేసి, వారం రోజులు జేబులో వేసుకుని తిరిగి, అది ఏం చేస్తోందో లెక్కపెట్టింది. తెర నల్లగా ఉన్నా ఆ ఫోను రోజుకి తొమ్మిది వందల సార్లు నిద్ర లేస్తోంది. లేపుతున్నది మెసేజీల యాప్. పేట గ్రూపు, వలల గ్రూపు, ఎవరిదో పెళ్ళి గ్రూపు, ఆ పెళ్ళి జరిగి రెండేళ్ళయినా ఇంకా మూతపడని అదే గ్రూపు. ఎవరో గులాబీ బొమ్మ మీద శుభోదయం అని రాస్తే అది ఆకాశానికి ఎక్కి, దిగి, మూడు వందల కిలోమీటర్ల అవతల వల లాగుతున్న మనిషి బ్యాటరీని కాస్త కొరుక్కుని పోతోంది.

దానికి విరుగుడుగా ఇందుమతి రెండేళ్ళు కూర్చుని కట్టిన ప్రోగ్రాం పేరు కునుకు. పేరు పెట్టింది ప్రయోగశాల డైరెక్టరు చయనులుగారు. ఆయనకి మధ్యాహ్నం భోజనం తరవాత ఆ విషయంలో మంచి అనుభవం ఉంది.

కునుకు పని చేసే తీరు చిన్నపిల్లలకి చెప్పినా అర్థమవుతుంది. బ్యాటరీ పది శాతానికి దిగగానే ఫోను పూర్తిగా పడుకుంటుంది. ఎనిమిది గంటలకొకసారి, తెల్లవారుజామున ఐదుకీ మధ్యాహ్నం ఒంటిగంటకీ రాత్రి తొమ్మిదికీ, ఒక ఊపిరి తీసినంత సేపు లేస్తుంది. తాను ఎక్కడున్నదీ, యజమాని రాసిపెట్టిన మాటేదైనా ఉంటే అదీ ఉపగ్రహానికి చెబుతుంది. తన కోసం ఏమేం వచ్చి ఉన్నాయో ఒక్కసారి చూసుకుంటుంది. నలభై అక్షరాలు మించని ఒకే ఒక్క మాటని లోపలికి రానిస్తుంది. అది ప్రయోగశాల ద్వారానే వెళ్ళాలి. మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. మిగతా మెసేజీలన్నీ ఫోను యజమాని తనంత తాను తెరిచి చూసేవరకూ ఆకాశంలోనే కూర్చోవాలి. ఇలాగైతే తొమ్మిది శాతం బ్యాటరీతో పన్నెండు రోజులు గడపొచ్చు.

ప్రయోగశాలలో ఉన్న పన్నెండుమందీ, బ్యాటరీ నిండుగా ఉన్నా పడుకునేలా మార్చి, ఆర్నెల్లపాటు తమ ఫోన్లలో దాన్ని మోశారు. ఇందుమతి ఇంట్లో కూడా దాని ప్రభావం కనిపించింది.

"మా అమ్మ పొద్దున ఆరింటికి నీకు దండం పెడుతున్న బొమ్మ పంపిందిట. మధ్యాహ్నం ఒంటిగంట దాకా నువ్వు చూడలేదని అలిగి కూర్చుంది" అన్నాడు భర్త శ్రీపతి, అన్నం కలుపుకుంటూ. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు.

"ఒకే ఇంట్లో ఉన్నాం కదండీ. ఆవిడ గదికీ వంటింటికీ పది అడుగులు" అంది ఇందుమతి.

"అదే నేనూ అన్నాను. పది అడుగులు నడిచి వచ్చి దండం పెట్టడానికి నేనేమైనా చిన్నదాన్నా అంది."

లోపలి గదిలోంచి అత్తగారు సుందరమ్మ, "అన్నీ వినిపిస్తున్నాయి" అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఒక పెద్ద పొరపాటు దాగి ఉందని ఇందుమతికి అప్పుడు తట్టలేదు.

మొగలిరేవులో ముప్ఫై బోట్ల వాళ్ళకి ఆ ప్రోగ్రాం ఎక్కించారు. మూడు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు.

నాలుగో నెలలో ఒక మంగళవారం, తెల్లవారుజామున ఐదింటికి, గరికిన ఎర్రయ్య ఫోను లేచింది. ముందురోజు సాయంత్రం రావలసిన బోటు అతనిది. 'ఇంజిను పోయింది. నీళ్ళెక్కి బోటు బ్యాటరీలు పోయాయి. ముగ్గురం బాగున్నాం' అని అతను రాసిపెట్టుకున్న మాట, బోటున్న చోటుతో సహా ప్రయోగశాల తెర మీద పడింది. అతనితో ఉన్న ఇద్దరి ఫోన్లూ నీళ్ళలో తడిసి పనికిరాకుండా పోయాయి. మిగిలింది ప్లాస్టిక్ సంచీలో చుట్టి దాచుకున్న ఎర్రయ్య ఫోను ఒక్కటే. దానిలో తొమ్మిది శాతం ఉంది.

బోట్లో పది రోజులకి సరిపడా నీళ్ళూ బియ్యమూ ఉంటాయి. చిక్కల్లా ప్రవాహంతోనే. అది బోటుని రోజుకి నలభై కిలోమీటర్లు ఎటు పడితే అటు ఈడ్చుకుపోతోంది. రక్షణ నౌక అండమాన్ల దగ్గర వేరే పని మీద ఉంది. అది రావడానికి ఐదు రోజులు పడుతుంది. గాలి విపరీతంగా ఉండడంతో రేవులో మిగతా బోట్లని కదలనివ్వడం లేదు. ఈ ఐదు రోజులూ ఎర్రయ్య ఫోను బతికి, పూటపూటా తన చోటు చెబితేనే నౌక దాన్ని పట్టుకోగలదు. చెప్పకపోతే అంత సముద్రంలో ముప్ఫై అడుగుల బోటు ఎక్కడ వెతుకుతారు?

"తొమ్మిది శాతం అంటే పన్నెండు రోజులు. నీ కునుకు ఇలాంటి రోజు కోసమే కదమ్మా పుట్టింది" అన్నారు చయనులుగారు. ఇందుమతి కూడా ధైర్యంగానే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట వరకూ.

ఒంటిగంటకి ఫోను లేచింది. పది సెకన్లలో పడుకోవాలి. పడుకోలేదు. నిమిషం అయింది. రెండు నిమిషాలయ్యాయి. నాలుగు నిమిషాల తరవాత గానీ దాని కళ్ళు మూతపడలేదు. తొమ్మిది శాతం కాస్తా ఆరుకి దిగింది.

ఇందుమతి ఫోను పంపిన లెక్కలన్నీ తెర మీద పరిచింది. ఏం జరిగిందో వెతికితే అర్థమయింది. ఫోను లేవగానే తన కోసం ఏమేం వచ్చాయో చూసుకుంటుంది కదా. లోపలికి రానివ్వకపోయినా, వచ్చిన ప్రతిదాని పేరూ చదువుతుంది. ప్రయోగశాలలో ఎవరికీ పూటకి పది పదిహేను మెసేజీలు దాటవు. మితభాషులైన పన్నెండుమంది తమలాంటి వాళ్ళతోనే పరీక్ష చేసి చూసుకున్నారు. ఎర్రయ్య కోసం ఆకాశంలో మూడు వందల పన్నెండు వాయిస్ మెసేజీలు కూర్చుని ఉన్నాయి. నిమిషానికి రెండు చొప్పున ఇంకా వస్తున్నాయి.

"వాటిని మనం తీసేయలేమా?" అన్నారు చయనులుగారు.

"అవి తాళం వేసిన ఉత్తరాలు సార్. పంపినవాళ్ళు తప్ప ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ప్రోగ్రాం మారుద్దామంటే ఆ ఫోను అరగంట మెలకువగా ఉండాలి. అంత బ్యాటరీ లేదు. ఇదే వరసలో వస్తే రాత్రి తొమ్మిదికి లేచింది మళ్ళీ పడుకోదు సార్. అక్కడే ఆగిపోతుంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తప్పు ఎవరిదని తరవాత చూసుకుందాం. జీపు ఉంది, బయల్దేరు."

ఇందుమతి మూడింటికల్లా మొగలిరేవు చేరింది. ఇసుక మీద జనం గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఫోనుంది. ఒక ముసలాయన నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, ఫోన్ని నోటి దగ్గర పెట్టుకుని, "ఎర్రయ్యా, ఒరే ఎర్రయ్యా" అని గొంతు చించుకుంటున్నాడు. ఆయన వెనక పది మంది తమ వంతు కోసం నిలబడ్డారు.

మొగలిరేవులో అది తాతల నాటి ఆచారం. బోటు రావలసిన వేళకి రాకపోతే, ప్రతి ఇంటి నుంచీ ఒకరు నీళ్ళ అంచుకి వచ్చి, తమకి అయ్యే వరసతో ఆ మనిషిని పేరు పెట్టి పిలుస్తారు. దారి తప్పినవాడికి ఆ పిలుపు దిక్కు చూపిస్తుందని వాళ్ళ నమ్మకం. ఫోన్లు వచ్చాక గాలిలోకి పిలవడం ఫోనులోకి పిలవడమయింది. ఇంటికొకరు పోయి ఇంట్లో ఉన్నవాళ్ళందరూ అయ్యారు. ఒక మనిషి ఇక లేడని పెద్దలు తేల్చిన రోజున మాత్రమే పిలవడం ఆపుతారు. అంతవరకూ ఆపరు.

ఈ సంగతి ఇందుమతికి తెలియదు. ఆమె ఒడ్డున ఉన్న ఒక బోటు ఎక్కి నిలబడి, తన జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత గట్టిగా మాట్లాడింది. "మీరందరూ పెట్టిన వాయిస్‌లు వెంటనే డిలీట్ చేయాలి. కొత్తగా ఎవరూ పెట్టకూడదు. ఎర్రయ్యగారి ప్రాణం దాని మీదే ఉంది."

జనంలోంచి ఒక ముసలామె ముందుకి వచ్చింది. ఎర్రయ్య తల్లి మాసేనమ్మ.

"నా కొడుకు పేరు సెరిపీమంతావేటమ్మా? ఆడు సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు?"

తాను ఏమన్నదో ఇందుమతికి అప్పుడు అర్థమయింది. బ్యాటరీ, శాతం, సెకన్లు అని ఏదో చెప్పబోయింది. ఎవరూ వినడం లేదు. ఇద్దరు ముగ్గురు కోపంగా దగ్గరికి వస్తున్నారు.

అప్పుడు ఒకామె ఆ ఇద్దరు ముగ్గురినీ పక్కకి నెట్టి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎండుచేపల బుట్ట మోసి మోసి నడినెత్తిన జుట్టు పలచబడింది. ఎర్రయ్య భార్య కాసులమ్మ. పొద్దుటి నుంచి ఆమె ఒక్కతే పదకొండు సార్లు పిలిచింది.

"మేడమ్‌గారు, నాకు సెప్పండి. ఒక్క పిలుపు ఎంత తింతాది?"

"ఒక్కటైతే ఏమంత కాదు. ఐదు వందలు దాటాయి. ప్రతిసారీ లేచి అన్నిటి పేర్లూ చదివేసరికి ఫోను అలిసిపోతోంది."

"ఆడు ఇనడం నేదా మరి?"

"లేదమ్మా. ఒక్కటి కూడా వినలేదు. ఫోను వాటిని లోపలికి రానివ్వదు. బయట నిలబడే తినేస్తున్నాయి."

కాసులమ్మ జనం వైపు తిరిగింది.

"ఇంజిను ఆపకుండా బోటుని రేవులో నిలబెడితే ఏటవుద్ది? ఎటూ ఎల్లకుండానే డీజిలు అయిపోద్ది. మనం పిలవడం అలగున్నాది. మన పిలుపు ఆడి సెవిని పడతం నేదు. ఆడి డీజిలు మాత్రం తాగేత్తంది."

ఇందుమతి రెండేళ్ళు కష్టపడి చేసినదాన్ని ఆమె ఇంత సులువుగా చెప్పేసింది. జనంలో కోపం తగ్గింది గానీ ఎవరి చేయీ ఫోను మీదికి పోలేదు. పిలుపుని వెనక్కి తీసుకోవడమంటే మాటలు కాదు. ఆ పేటలో ఎవరూ ఎప్పుడూ చేసిన పని కాదు.

కాసులమ్మ తన ఫోను తీసింది. పదకొండు పిలుపుల్నీ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వింది. తన గొంతే, 'మావా, ఎక్కడున్నావు మావా' అని. విన్నది విన్నట్టు డిలీట్ కొట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేయి మాత్రం ఆగలేదు. పదకొండోది తీసేసి ఫోను జాకెట్లో దోపుకుని, "పదండి" అంది.

అక్కడి నుంచి సాయంత్రం దాకా ఆమె గడప గడపా ఎక్కింది. ఇందుమతి ఆమె వెనకే నడిచింది. ఇంటింటికీ ఒకే మాట: "మా మావని పిలిసినారు, మీ మేలు మరవను. ఇప్పుడు ఆ పిలుపు తీసీండి." కొందరు ఏడ్చారు. కొందరు, అపశకునం నీ నోటితో పలుకుతావా అని తిట్టారు. ఆమె తిట్లన్నీ నిలబడి వింది. తిట్టడం అయిపోయాక, "తీసినారా మరి?" అని అడిగింది. తీసేదాకా కదల్లేదు. ప్రయోగశాల నుంచి చయనులుగారు అంకెలు చెబుతూనే ఉన్నారు. ఐదు వందల నలభై, రెండు వందల తొంభై, నూట పది, ముప్ఫై. దీపాలు పెట్టే వేళకి ఒకటి మిగిలింది.

అది మాసేనమ్మది. ముసలామె గుమ్మంలో ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకు సేతగాదే. నువ్వే తీసీ" అని కోడలికి ఇచ్చింది. కాసులమ్మ దాన్ని అందుకుని, చాలాసేపు పట్టుకుని, ఇందుమతి వైపు చూసింది. ఇందుమతి మనసులో లెక్క కట్టుకుంది. ఒక్కదాని పేరు చదవడానికి సెకను కూడా పట్టదు.

"ఒకటి ఉండొచ్చు" అంది.

కాసులమ్మ ఫోను తిరిగి అత్త ఒళ్ళో పెట్టేసింది.

ఇంకో పని మిగిలింది. పూటకొక్క మాట లోపలికి వెళ్ళవచ్చు. రాత్రి తొమ్మిదికి వెళ్ళే మాట కాసులమ్మ పేరు మీద పంపుదామని ఇందుమతి అనుకుంటూ వచ్చింది. అంత చేసిన మనిషికి ఆ మాత్రమైనా దక్కాలి అనిపించింది. కాసులమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా పేరు సూత్తే ఊరుకోడు మేడమ్‌గారు. ఎంటనే ఫోను తెరిసి నాతో మాట్టాడతానంతాడు. కాసులూ, బెంగెట్టుకోకు అని సెప్పాల ఆడికి. అప్పుడు బేట్రీ ఏటవుద్ది?"

ఇందుమతి నివ్వెరపోయింది. ఫోను ఎంత తింటుందో, యాప్ ఎంత తింటుందో, ఉపగ్రహం ఎంత తింటుందో ఆమె దగ్గర పట్టికలున్నాయి. ప్రేమగల మొగుడు ఎంత తింటాడో ఏ పట్టికలోనూ లేదు.

"మరి ఎవరి పేరు మీద పంపుదాం? అత్తగారి పేరు?"

"ఇంకా నయం. మా అన్నయ్య పేరు మీద పంపండి. దానయ్య."

దానయ్య అక్కడే దూరంగా నిలబడి ఉన్నాడు. మూడేళ్ళ కిందట తన చిన్నచెల్లెలి పెళ్ళికి అతను ఎర్రయ్య ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా, ఫోనులో కార్డు పంపి ఊరుకున్నాడు. తీరిక లేక అలా చేశాడు. ఎర్రయ్య ఆ పెళ్ళికి వెళ్ళలేదు. ఆ రోజు నుంచి బావతో మాట లేదు. దానయ్య పండగలకీ పబ్బాలకీ మెసేజీలు పెడుతూనే ఉన్నాడు.

"అన్నీ సదువుతాడు. ఒక్కదానికీ బదులియ్యడు" అంది కాసులమ్మ. "అందుకే మా అన్న పేరే కావాల."

దానయ్య దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "అమ్మీ, నలభై అచ్చరాలున్నాయంట గదా. తప్పయిపోనాది బావా అని ఒక్క ముక్క ఎయ్యనీ."

"ఎయ్యకు. అదంటే కరిగిపోయి బదులిచ్చీగలడు. ఎప్పట్లాగే కసురుతున్నట్టు పెట్టు."

రాత్రికి ఆ మాట ఇలా వెళ్ళింది: 'ఫోను ముట్టుకోకు. షిప్పు వస్తోంది. దానయ్య.' ఫోను పన్నెండు సెకన్లలో పడుకుంది. ఖర్చు పావు శాతం.

తరవాతి రోజులు ప్రయోగశాలలో మామూలుగా గడిచాయి. పూటపూటా ఫోను లేచింది, చోటు చెప్పింది, పడుకుంది. నౌకకి ఆ అంకెలు వెళ్ళాయి. 'గాలి మారుతోంది', 'నీళ్ళు దాచుకో', 'తెరచాప కట్టకు'. పూటకొక కసురు, అన్నీ దానయ్య పేరు మీదే. 'ఊరంతా నీ కోసం నోరు కట్టుకుంది' అని ఒక్కసారి రాద్దామా అని ఇందుమతి రెండు సార్లు అడిగింది. కాసులమ్మ రెండు సార్లూ వద్దంది.

మొగలిరేవులో మామూలుగా లేదు. ఇందుమతి రోజూ సాయంత్రం వెళ్ళి వచ్చేది. నీళ్ళ అంచున ఎవరూ లేరు. జనం గొంతు పెంచి మాట్లాడుకోవడం కూడా మానేశారు. మూడోరోజున పక్క రేవు నుంచి కాసులమ్మకి దూరపు చుట్టం ఒకామె ఏడుస్తూ వచ్చింది. మొగలిరేవులో పిలవడం మానేశారని విని, అయిపోయిందనుకుని, పరామర్శకి వచ్చేసింది. కాసులమ్మ ఆమెని కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఏడుపు తగ్గేదాకా వీపు నిమిరింది. ఓదార్చడానికి వచ్చిన మనిషిని ఓదారుస్తున్న ఆ చేతిని చూస్తూ ఇందుమతి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. తాను యంత్రానికి నిద్రపోవడం నేర్పింది. ఈమె వంద ఇళ్ళకి ఊపిరి బిగబట్టడం నేర్పింది. ఏది గొప్ప విద్యో ఇందుమతికి అనుమానం లేదు.

నాలుగోరోజు పొద్దున ఇంట్లో ఆమె ఫోను చూసుకుంటే అత్తగారి బొమ్మ లేదు. గాభరాగా గదిలోకి వెళ్ళింది. సుందరమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"ఒంట్లో బాగుందా అత్తయ్యా?"

"బాగానే ఉంది. శ్రీపతి చెప్పాడు, నీ జాలరాయన సంగతి. నా బొమ్మ వల్ల ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని మానేశాను."

ఇందుమతి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. ఆఫీసుకి ఆలస్యమయ్యేదాకా అక్కడే కూర్చుంది.

ఐదోరోజు, శనివారం, ఐదింటికి ఫోను లేచింది. మూడు శాతం మీద కొంచెం ఉంది. ఒంటిగంటకి లేవలేదు.

ఒంటిగంట దాటి పది నిమిషాలయింది. అరగంటయింది. కునుకుతో వచ్చే అసలు శిక్ష ఇదేనని ఇందుమతికి ఆ అరగంటలో తెలిసింది. పడుకున్న ఫోనుకీ చచ్చిపోయిన ఫోనుకీ ఒడ్డున ఉన్నవాళ్ళకి తేడా కనిపించదు. లేవవలసిన వేళ దాటితే గానీ రెంటిలో ఏదో తెలియదు. బోటు చివరిసారి చెప్పిన చోటుకి నౌక ఇంకా యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. పొద్దుటి అంకెలు, గాలి లెక్కలు వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళవలసిందే.

ఆమె జీపులో మొగలిరేవు వెళ్ళి కాసులమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె దగ్గర ఏదీ దాచాలనిపించలేదు. కాసులమ్మ గుమ్మానికి ఆనుకుని అంతా వింది. "ఐదు రోజులు సెప్పినాది గదమ్మా మీ ఫోను. అదే సాలు" అంది. లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది. రాత్రికి వండవలసిన అన్నం వండుతోంది. బియ్యం ఇంట్లో ఉన్నవాళ్ళకంటే ఒక మనిషికి ఎక్కువ కొలిచి పోయడం ఇందుమతి చూసింది. ఆ మనిషి ముందు తన చదువంతా చిన్నదైపోయినట్టు అనిపించింది.

అయిదున్నరకి చయనులుగారి ఫోను వచ్చింది. నౌక వాళ్ళు బోటుని చూశారు. ముగ్గురూ బతికే ఉన్నారు.

సోమవారం మధ్యాహ్నం ఎర్రయ్య వ్యాను దిగి మొగలిరేవు ఇసుక మీద నిలబడ్డాడు. ఎండకి పెదాలు పగిలిపోయాయి. మిగతా ఇద్దరినీ వాళ్ళ వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి తీసుకుపోయారు. ఎర్రయ్య మాత్రం తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చి, కన్నీళ్ళు తుడుచుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని పరాయివాళ్ళని చూసినట్టు చూశాడు. ఎవరికీ దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. కాసులమ్మ రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"ముట్టుకోవద్దు ముట్టుకోవద్దని మీ అన్న పూటపూటా కసిరినాడు" అన్నాడు ఆమెతో. "ఐదోనాడు ఉండబట్టనేక తెరిసినాను. ఇంత పేట ఉన్నాది, పిలుపులు కుప్పలు పడుంటాయి, ఒక్కటి ఇందాం అనుకున్నాను. ఒకటే ఉన్నాది. అమ్మది. ముగ్గురం సెవులు ఆనించి ఇన్నాం. అది అవగానే ఫోను సచ్చిపోనాది." ఆ రెండడుగులూ దాటి ఆమె ముందు నిలబడ్డాడు. "నువ్వెప్పుడు మానేసినావే నన్ను పిలవడం?"

ఇందుమతి గబగబా ముందుకి వచ్చింది. తప్పంతా తనదని, ప్రోగ్రాముదని, ఈమె వల్లే వాళ్ళు బతికారని చెప్పబోయింది. కాసులమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది.

"మొదటి రోజే" అంది మొగుడితో. "పొద్దుగూకకముందే మానేసినాను. పదకొండు పిలుపులు పెట్టినాను, పదకొండూ తీసేసినాను. పేటంతా గుమ్మం గుమ్మం ఎక్కి అందరి సేతా తీయించినాను. అవి నీ బేట్రీ తినేత్తన్నాయంట. అత్తది ఒక్కటే తీయనేకపోనాను."

జనం మధ్య తల దించుకుని నిలబడ్డ దానయ్య మీద ఎర్రయ్య చూపు ఆగింది.

"మరి ఈడి సేత రాయించినావెందుకు? నువ్వు రాయనేకపోనావా?"

"నాను రాత్తే నువ్వు బదులియ్యకుండా ఉంతావేటి?"

అతను ఆలోచించాడు. ఒక్కొక్క కసురూ గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు. ఐదు రోజులూ ఆ పెళ్ళిపిలుపు నాటి కోపంతోనే, ఆ పంతంతోనే, దానయ్య పేరున వచ్చిన దేనికీ జవాబివ్వకుండా ఫోన్ని సంచీలో కట్టి పెట్టుకున్నాడు.

"ఉండను" అన్నాడు చివరికి.

మోకాళ్ళ మీద ఇసుకలో కూలబడ్డాడు. ఆమె చీర కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుని, "కాసులూ" అన్నాడు. ఆమె పలకలేదు. ఆరు రోజుల నుంచి బిగబట్టిన గొంతు, ఇప్పుడు వదలమంటే వదలడం లేదు. "కాసులూ" అన్నాడు మళ్ళీ, ఇంకా గట్టిగా, నడిసముద్రంలో ఉన్న మనిషిని పిలుస్తున్నట్టు. ఆమె పలికేదాకా అతను పిలుస్తూనే ఉన్నాడు.